మూర్ఛ ఆపరేషన్ తర్వాత నడక, ఆట, వ్యాయామం: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను నల్గొండలో ఫిజియోథెరపీ చేస్తాను. మా తమ్ముడికి చిన్నప్పటి నుంచి ఫిట్స్. ఎన్ని గోళీలు మార్చినా తగ్గకపోతే చివరికి మెదడు కుడివైపు టెంపోరల్ లోబ్‌కు, అంటే కణత లోపలుండే మెదడు భాగానికి, ఆపరేషన్ చేశారు, ఆ తర్వాత ఫిట్స్ ఆగిపోయాయి. అప్పటి నుంచి దేవరకొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, నాగర్‌కర్నూల్ వైపు నుంచి ఇదే ఆపరేషన్ అయినవాళ్ళ ఇళ్ళ నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి, అడిగేవి మాత్రం దాదాపు ఇవే ప్రశ్నలు. అందుకే అన్నిటికీ ఒకేచోట జవాబు రాస్తున్నా. ఒక్క మాట ముందే చెప్తా: మీ డిశ్చార్జ్ కాగితంలో మీ సర్జన్ రాసినదానికీ నేను రాసినదానికీ తేడా వస్తే సర్జన్ మాటే వినండి, మీ తల లోపల ఏం చేశారో చూసింది ఆయనే.

తలకు ఆపరేషన్ అయిన మనిషి. వ్యాయామం అంటేనే భయమేస్తుంది. అసలు చేయొచ్చా?

చేయొచ్చు. చేయాలి కూడా. మూర్ఛ ఉన్నవాళ్ళు మొదటి నుంచీ తక్కువ కదులుతారు, అది వాళ్ళ బద్ధకం వల్ల కాదు. "ఉరకకు బిడ్డా, పడతావ్", "పీటీ పీరియడ్‌లో నువ్వు చెట్టు కింద కూర్చో", "ఒక్కదానివి బయటికి పోకు" అని వింటూ పదిహేనేళ్ళు ఇరవయ్యేళ్ళు పెరుగుతారు. ఫిట్స్ పుట్టే చోటును డాక్టర్లు తీసేస్తారు గానీ ఇన్నేళ్ళ భయాన్ని తీసేయలేరు కదా. నేను చూసిన ఇళ్ళలో ఆపరేషన్ అయిన ఆరు నెలలకు కూడా మనిషి మంచం దిగడం లేదంటే ఎక్కువసార్లు కారణం ఇంట్లోవాళ్ళ టెన్షనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళందరికీ వారానికి కనీసం 150 నిమిషాలు కాస్త ఆయాసం వచ్చేంత కదలిక కావాలని చెప్తుంది. మన లక్ష్యం కూడా అదే, కాకపోతే అక్కడికి మెల్లగా చేరతాం.

ఎన్ని రోజులకు మొదలుపెట్టాలి?

నడక అయితే ఆస్పత్రిలోనే మొదలవుతుంది. చాలాచోట్ల ఆపరేషన్ అయిన ఒకటి రెండు రోజుల్లోనే లేపి కూర్చోబెట్టి, పట్టుకుని నాలుగడుగులు వేయిస్తారు. కదలకుండా పడుకుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది, అందుకే ఆ తొందర. ఇంటికి వచ్చాక మొదటి రెండు వారాలు ఇంట్లో, వాకిట్లో, రోజుకు నాలుగైదు సార్లు అయిదేసి నిమిషాలు నడిస్తే చాలు. ఆ రోజుల్లో విపరీతమైన నీరసం ఉంటుంది. స్నానం చేసి వచ్చి గంట పడుకునేవాళ్ళున్నారు, అది మామూలే, కొన్ని వారాలకు తగ్గుతుంది.

మొదటి నాలుగు నుంచి ఆరు వారాలు బరువులెత్తడం, ముక్కి చేసే పనులు, తల కిందికి వంచి చేసే పనులు వద్దు. మన ఇళ్ళల్లో ఇది ఆడవాళ్ళకు పెద్ద చిక్కు. నీళ్ళ బిందె నిండితే పదిహేను కిలోల దాకా తూగుతుంది. "నడవొచ్చన్నారు కదా" అని నాలుగో రోజే బోరింగ్ దగ్గరికి పంపే అత్తలున్నారు. బిందె, బియ్యం బస్తా, గ్యాస్ సిలిండర్, చంకలో పిల్లాడు, ఇవన్నీ బరువుల లెక్కలోకే వస్తాయి. మలబద్ధకం ఉన్నా డాక్టర్‌కు చెప్పి మందు రాయించుకోండి, ముక్కితే తలలో ఒత్తిడి పెరుగుతుంది.

ఆరు వారాల చెకప్‌లో అంతా బాగుందంటే నడక వేగం పెంచండి. రెండు మూడు నెలలకు మెల్లగా ఉరకడం మొదలుపెట్టొచ్చు. ఒంటికి ఒళ్ళు తగిలే ఆటలకు మాత్రం సర్జన్‌ను బట్టి ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఆగాల్సి వస్తుంది.

ఏం కనబడితే ఆపేసి ఆస్పత్రికి పోవాలి?

కుట్ల దగ్గర నుంచి గానీ ముక్కులో నుంచి గానీ నీళ్ళలా కారుతుంటే, గాయం ఉబ్బి ఎర్రబడితే, జ్వరంతో మెడ పట్టేస్తే, తలనొప్పి రోజురోజుకూ పెరుగుతూ వాంతులవుతుంటే, కొత్తగా చెయ్యో కాలో మాటో తడబడితే, ఒక పిక్క వాచి నొప్పి పెడితే. వీటిలో ఏదొచ్చినా వ్యాయామం సంగతి తర్వాత, అదే రోజు డాక్టర్‌కు చూపించండి.

తలలో ప్లేట్లు, స్క్రూలు పెట్టారంట. ఉరికితే ఊడిపోవా?

ఊడిపోవు. తీసిన పుర్రె ముక్కను మళ్ళీ అదే చోట పెట్టి చిన్న టైటానియం ప్లేట్లతో బిగిస్తారు. నడకకూ మామూలు పరుగుకూ అవి కదలవు. కానీ ఆ ముక్క చుట్టూ ఎముక పూర్తిగా అతుక్కోవడానికి నెలలు పడుతుంది, స్లాబ్ పోశాక సెంట్రింగ్ తీసేదాకా పైన బరువు పెట్టనట్టే అప్పటిదాకా తలకు దెబ్బ తగిలే ఆటలకు దూరంగా ఉండాలి. కుట్ల చుట్టూ తిమ్మిరి, చీమలు పాకినట్టుండటం, అప్పుడప్పుడు చురుక్కుమనడం చాలామందికి ఉంటాయి, భయపడొద్దు.

ఈఈజీ (మెదడు తరంగాలను చూసే పరీక్ష) తీసేటప్పుడు గట్టిగా ఊపిరి పీల్చమంటారు కదా, ఫిట్స్ బయటపడాలని. మరి ఉరికితే అదే ఆయాసం రాదా?

ఈ ప్రశ్న అడిగింది మిర్యాలగూడ దగ్గరి ఒక ఇంటర్ అమ్మాయి. చాలా మంచి ప్రశ్న. ఈఈజీ గదిలో కదలకుండా ఉండి మూడు నిమిషాలు గట్టిగా ఊపిరి తీసి వదిలితే ఒంట్లో ఉండాల్సిన కార్బన్ డయాక్సైడ్ అవసరానికి మించి బయటికి పోతుంది, దానివల్ల కొందరిలో, ముఖ్యంగా చూస్తూ చూస్తూ నిలిచిపోయే రకం ఫిట్స్ ఉన్న పిల్లల్లో, మార్పు కనబడుతుంది. ఉరికేటప్పుడు కండరాలు కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ తయారుచేస్తాయి, ఊపిరి వేగం పెరిగేది దాన్ని బయటికి పంపడానికే, కాబట్టి లెక్క సరిపోతుంది. రెండూ ఒకటి కావు. వ్యాయామం చేస్తున్నప్పుడు ఈఈజీ తీసి చూస్తే చాలామందిలో పిచ్చి తరంగాలు పెరగడానికి బదులు తగ్గడమే కనబడింది.

నార్వేలో 1994లో ఒక అధ్యయనం వచ్చింది. మందులకు లొంగని మూర్ఛ ఉన్న 15 మంది ఆడవాళ్ళతో 15 వారాల పాటు వారానికి రెండుసార్లు ఏరోబిక్స్ చేయిస్తే ఆ రోజుల్లో వాళ్ళ ఫిట్స్ తగ్గాయి. వాళ్ళు ఆపరేషన్ అయినవాళ్ళు కారు, చిన్న గుంపు కూడా, అయినా వ్యాయామం వల్ల ఫిట్స్ పెరుగుతాయన్న భయానికి అది మంచి జవాబే. వ్యాయామంతోనే ఫిట్స్ వచ్చే మనుషులు కూడా ఉన్నారు గానీ చాలా అరుదు. ఉరికిన ప్రతిసారీ ఆరా వస్తోందంటే, అంటే కడుపులో నుంచి పైకి ఎగదన్నినట్టో, ఏదో వాసన వచ్చినట్టో ఉంటే, తేదీతో రాసిపెట్టుకుని న్యూరాలజిస్ట్‌కు చూపించండి.

మరి గ్రౌండ్‌లో ఫిట్స్ వచ్చినవాళ్ళను చూశాం కదా?

చూసే ఉంటారు. అట్లాంటి రోజు ఏం జరిగిందో వెనక్కి వెళ్ళి అడగండి. రాత్రి సరిగా నిద్రపోలేదు, పొద్దున గోళీ మరిచిపోయాడు, ఏమీ తినకుండా ఎండలో ఆడాడు, జ్వరం ఉంది, లేదా ముందురోజు తాగాడు. చాలాసార్లు వీటిలో ఒకటో రెండో బయటపడతాయి.

నిద్ర గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన దగ్గర వాకింగ్ అంటే పొద్దున 4 గంటలకు లేవాలని ఒక పట్టింపు. రాత్రి 12 దాకా ఫోన్ చూసి 4 గంటలకు లేచి ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌కు పోయేకంటే, నిండా నిద్రపోయి 6 గంటలకు పోవడం మూర్ఛ ఉన్న మనిషికి ఎంతో మేలు. కోసేయాల్సి వస్తే ఆ రోజు వాకింగ్‌ను కోసేయండి, నిద్రను కోయకండి.

ఆపరేషన్ తర్వాత కూడా ఒకసారి ఫిట్స్ వచ్చింది. అంతా పోయినట్టేనా? వ్యాయామం బంద్ చేయాలా?

మొదటి వారంలో వచ్చే ఫిట్స్ మెదడు వాపు వల్ల కూడా రావొచ్చు. దాన్నిబట్టి ఆపరేషన్ ఫెయిలైందని చెప్పలేం. తర్వాత వస్తే డాక్టర్ మందు మోతాదు, రక్తపరీక్ష, అవసరమైతే ఎంఆర్‌ఐ చూస్తారు. ఆపరేషన్ అందరికీ నూటికి నూరు పాళ్ళు తగ్గించదు, ఆ మాట ముందే తెలిసి ఉండాలి. 2001లో ప్రచురించిన కెనడా పరిశోధనలో 80 మంది టెంపోరల్ లోబ్ మూర్ఛ రోగులను రెండు గుంపులు చేశారు. ఏడాది తర్వాత, ఆపరేషన్ గుంపులో 58 శాతం మందికి స్పృహ తప్పే ఫిట్స్ లేవు, మందులు మాత్రమే వాడిన గుంపులో అట్లాంటివాళ్ళు 8 శాతమే. చాలా పెద్ద తేడా. అయినా మిగిలిన 42 శాతం సంగతి కూడా గుర్తుంచుకోవాలి కదా.

ఫిట్స్ మళ్ళీ వస్తే ఏ ఆట ఆడొచ్చన్నది మారుతుంది గానీ నడక ఆగదు. నీళ్ళు, ఎత్తు, వేగం, ఈ మూడిటికీ దూరం. నేల మీద, పక్కన మనిషితో చేసేవన్నీ కొనసాగించొచ్చు.

మన ఎండల్లో ఎట్లా?

దీని మీద కాస్త ఎక్కువ రాస్తా, ఎందుకంటే బయటి ఊళ్ళ డాక్టర్లు రాసిన సలహాల్లో ఇది సరిగా ఉండదు. నల్గొండలో మే నెల వచ్చిందంటే 44, 45 డిగ్రీలు. మీ గోళీల చీటీ తీసి పేర్లు చదవండి. టోపిరమేట్ గానీ జోనిసమైడ్ గానీ ఉంటే అవి కొందరిలో చెమట పట్టడాన్ని తగ్గిస్తాయి, ముఖ్యంగా పిల్లల్లో. చెమట పట్టకపోతే ఒళ్ళు చల్లబడదు. అట్లాంటి పిల్లాడు ఆడి వచ్చాక ముఖం ఎర్రగా కాలిపోతూ ఒళ్ళు పొడిగా ఉంటుంది, తల్లి జ్వరం అనుకుంటుంది. వెంటనే నీడకు తీసుకొచ్చి, తడి గుడ్డతో తుడిచి, ఫ్యాన్ కింద పెట్టి, నీళ్ళు తాగించి, డాక్టర్‌కు ఫోన్ చేయాలి.

కార్బమజెపైన్, ఆక్స్‌కార్బజెపైన్ వాడేవాళ్ళ చిక్కు వేరు. ఆ మందులు కొందరిలో రక్తంలో సోడియం తగ్గిస్తాయి. వాళ్ళు చెమటలు కక్కేలా ఉరికి వచ్చి వట్టి నీళ్ళు లీటర్లకు లీటర్లు తాగితే సోడియం ఇంకా పలచబడుతుంది, అది ఎక్కువైతే దానివల్లే ఫిట్స్ రావొచ్చు. ఉప్పేసిన మజ్జిగ, ఓఆర్ఎస్, గంజి మంచివి. బీపీ, కిడ్నీ సమస్య ఉంటే ఉప్పు గురించి డాక్టర్‌ను అడగండి.

ఏప్రిల్, మే నెలల్లో పొద్దున 8 లోపు ముగించండి, లేదా సూర్యుడు వాలాక పోండి. పానగల్ ఉదయసముద్రం కట్ట మీద, పాలమూరు పెద్ద చెరువు కట్ట మీద సాయంత్రం గాలి బాగుంటుంది, నలుగురు మనుషులుంటారు. నీటి అంచుకు కాకుండా రెండోవైపు నడవండి.

ఈత కొట్టొచ్చా? మా ఊర్లో బావి ఉంది.

బావిలో వద్దు. ఫిట్స్ ఆగి ఎన్నేళ్ళయినా నా జవాబు ఇదే. వ్యవసాయ బావికి మెట్లు సగం ఉంటాయి, సగం ఉండవు, లోతు తెలియదు, అడుగున పైపులు, మోటారు వైర్లు, పైనుంచి దూకే పిల్లలు. నీళ్ళలో ఫిట్స్ వస్తే మనిషి అరవడు, కొట్టుకుంటూ కనబడడు, నిశ్శబ్దంగా మునిగిపోతాడు. పక్కనే ఈదుతున్నవాళ్ళకు కూడా తెలియదు. సాగర్ ఎడమ కాలువ ఇంకా ప్రమాదం, ఆ వడికి మామూలు మనుషులే కొట్టుకుపోతారు.

స్విమ్మింగ్ పూల్ వేరు. ఏడాది పాటు ఒక్క ఫిట్ కూడా లేకుండా ఉండి, న్యూరాలజిస్ట్ సరేనంటే, మిమ్మల్ని నీళ్ళలో నుంచి పైకి లాగగలిగే మనిషి పక్కనే ఉంటే, నడుము లోతు నుంచి మొదలుపెట్టొచ్చు. లైఫ్‌గార్డ్‌కు విషయం ముందే చెప్పాలి, సిగ్గుపడొద్దు. అసలు పూల్ మాటకు ముందు బాత్‌రూమ్ గురించి ఆలోచించండి. లోపల గడియ పెట్టుకోకండి.

మా వాడు షటిల్ ఆడుతుంటే కొన్ని షాట్లు అస్సలు అందుకోవడం లేదు. చేతుల్లో బలం తగ్గిందా?

బలం కాదు, చూపు అయ్యుండొచ్చు. టెంపోరల్ లోబ్ లోపలి నుంచి చూపుకు సంబంధించిన నరాల పోగు ఒకటి వంపు తిరిగి వెళ్తుంది. ఆపరేషన్‌లో అందులో కొంత తెగితే, ఆపరేషన్ అయిన వైపుకు ఎదురు వైపు పై మూల కనబడదు. కుడివైపు ఆపరేషన్ అయితే ఎడమ పై మూల, రెండు కళ్ళతోనూ. చాలామందికి ఆ లోటు ఉన్నట్టే తెలియదు, ఎందుకంటే అక్కడ నల్లగా ఏమీ కనబడదు, ఆ మూల లేనట్టే ఉంటుంది.

మా తమ్ముడి విషయంలో ఇది బయటపడింది కాలనీలో షటిల్ ఆడుతుంటేనే. కింద నుంచి వచ్చేవీ, కుడివైపు వచ్చేవీ అన్నీ చక్కగా తిప్పికొడుతున్నాడు. ఎడమ భుజం పైనుంచి వచ్చే కాక్‌కు మాత్రం రాకెట్ లేపేసరికే అది వెనక పడిపోయి ఉంటుంది, ప్రతిసారీ అదే చోట. రోడ్డు మీద నడిచేటప్పుడు కూడా ఎడమవైపు వాలిన వేపకొమ్మ ముఖానికి తగిలేదాకా తెలిసేది కాదు. కంటి ఆస్పత్రిలో ఫీల్డ్ టెస్ట్ చేస్తే ఎడమ పై మూల ఖాళీగా ఉన్నట్టు కాగితం మీద స్పష్టంగా కనబడింది. ఇప్పుడు తలను ఎడమవైపు కాస్త ఎక్కువ తిప్పి ఆడతాడు, డబుల్స్‌లో ఆ వైపు తోడు ఆటగాడు నిలబడతాడు. బాగానే గెలుస్తున్నాడు కూడా.

టెంపోరల్ లోబ్ ఆపరేషన్ అయిన ప్రతి ఒక్కరూ ఈ టెస్ట్ చేయించుకోండి. సైకిల్, బండి మాట ఎత్తకముందే చేయించుకోండి.

సైకిల్, బండి?

ఇంట్లో తొక్కే సైకిల్ అయితే రెండు మూడు నెలలకే సరే. రోడ్డు మీద సైకిల్ అంటే ఏడాది ఫిట్స్ లేకుండా ఉండాలి, చూపు పరీక్ష అవ్వాలి, హెల్మెట్ ఉండాలి, హైవే ఎక్కకూడదు. బండి సంగతి వ్యాయామం కిందికి రాదు గానీ అందరూ అడుగుతారు: లైసెన్స్ దరఖాస్తులో ఫారం 1లోనే మూర్ఛ ఉందా అని ప్రశ్న ఉంటుంది. అబద్ధం రాయకండి. మీ న్యూరాలజిస్ట్‌తో మాట్లాడకుండా హ్యాండిల్ పట్టుకోవద్దు.

కబడ్డీ, క్రికెట్, వాలీబాల్?

అంతర్జాతీయ మూర్ఛ వ్యతిరేక సంఘం తరఫున 2016లో నిపుణులు ఆటలను మూడు గుంపులుగా విడగొట్టారు. పరుగు, వాలీబాల్, క్రికెట్, టేబుల్ టెన్నిస్, డ్యాన్స్ లాంటివి పెద్దగా అదనపు ప్రమాదం లేనివి. ఈత, సైకిల్, బరువులెత్తడం, గుర్రపు స్వారీ లాంటివి ఫిట్స్ వస్తే ఆ మనిషికి ప్రమాదం. కొండలెక్కడం, మోటారు రేసులు, పారాచూట్ లాంటివి ఆ మనిషికి చాలా పెద్ద ప్రమాదం, కొన్నిటిలో పక్కవాళ్ళకూ ప్రమాదమే.

కబడ్డీ గురించి నా మాట చెప్తా. ఆపరేషన్ తర్వాత ఏడాది దాకా వద్దు. మన ఊళ్ళల్లో మ్యాట్ ఉండదు, గట్టి నేల మీద ఆరుగురు మీద పడితే తల నేలకు కొట్టుకుంటుంది. ఏడాది తర్వాత సర్జన్ ఒప్పుకుంటే ఆడొచ్చు. క్రికెట్‌లో మాత్రం కార్క్ బాల్‌తో ఆడితే హెల్మెట్ తప్పదు, టెన్నిస్ బాల్‌కు అంత భయం లేదు. దక్షిణాఫ్రికా క్రికెటర్ జాంటీ రోడ్స్‌కు మూర్ఛ ఉంది, ఫీల్డింగ్‌లో ఆయన పేరు ఇప్పటికీ చెప్పుకుంటాం.

ఆపరేషన్ తర్వాత ఆడినవాళ్ళు ఎవరున్నారని అడిగితే అమెరికాకు చెందిన డయాన్ వాన్ డెరెన్ పేరు చెప్తా. 1997లో ఆమెకు కుడి టెంపోరల్ లోబ్‌లో కొంత భాగం తీసేశారు. తర్వాత ఆమె వందల మైళ్ళ పరుగు పందేలకు పేరు తెచ్చుకుంది. ఫిట్స్ ఆగాయి గానీ టైమ్ ఎంతైందో పట్టుకోవడం, మ్యాప్ చూసి దారి తెలుసుకోవడం ఆమెకు కష్టమయ్యాయి. ఇది మనకూ పనికొచ్చే సంగతి. ఆపరేషన్ తర్వాత దారి మరిచిపోయే ఇబ్బంది ఉంటే రోజూ ఒకే దారిలో నడవండి, ఫోన్‌లో లొకేషన్ ఇంట్లోవాళ్ళకు కనబడేలా పెట్టండి.

జిమ్‌కు పోతానంటున్నాడు.

మూడు నెలలు దాటాక, తేలిక బరువులతో, ఊపిరి బిగబట్టకుండా. పడుకుని ఛాతీ మీద రాడ్ ఎత్తేది ఒంటరిగా అస్సలు వద్దు. ట్రెడ్‌మిల్‌కు సేఫ్టీ క్లిప్ ఉంటుంది, మన జిమ్‌లలో ఎవరూ పెట్టుకోరు, మీరు పెట్టుకోండి. ట్రైనర్ ఇచ్చే పౌడర్లు, ముఖ్యంగా వర్కవుట్‌కు ముందు తాగే కెఫిన్ దట్టించిన డబ్బాలు వద్దు. ఫెనిటాయిన్, ఫినోబార్బిటాల్, కార్బమజెపైన్, వాల్‌ప్రోయేట్ ఏళ్ళ తరబడి వాడినవాళ్ళకు ఎముకలు పలచబడే అవకాశం ఉంది కాబట్టి విటమిన్ డి చూపించుకోండి. ఒంటి బరువు కాళ్ళ మీద పడే వ్యాయామం, అంటే నడక, మెట్లు, గుంజీళ్ళు, ఎముకలకు మంచిది.

మా నాయినది తాళ్ళెక్కే పని. ఆపరేషన్ అయింది. మళ్ళీ ఎక్కొచ్చా?

వద్దు అని చెప్పడానికి నాకు బాధగానే ఉంటుంది, ఎందుకంటే ఆ మాటతో ఒక ఇంటి జీవనాధారం పోతుంది. కానీ తాటిచెట్టు మీద రెండు సెకన్లు స్పృహ తప్పినా మనిషి దక్కడు. మోకు కట్టుకున్నా సరే. భవనాల పనికి పోయే పాలమూరు మేస్త్రీలకు, కూలీలకు పరంజా విషయంలో కూడా ఇదే మాట. కింద చేసే పని చూసుకోవాలి. ఫిట్స్ పూర్తిగా ఆగి ఏళ్ళు గడిచాక డాక్టర్ ఏమంటారన్నది వేరే సంగతి, దాన్ని కాగితం మీద రాయించుకోండి.

ఆట అయ్యాక ఒక గ్లాసు కల్లు తాగితే?

కల్లులో ఆల్కహాల్ ఉంటుంది, దానితోనే నిద్ర చెడుతుంది, గోళీ మరిచిపోతారు. అంతకంటే పెద్ద ప్రమాదం కల్తీ. మన దగ్గర కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలిపిన కేసులు ఎన్నో బయటపడ్డాయి. అవి అలవాటైన మనిషి ఒక్కసారిగా మానేస్తే మూర్ఛ రోగం లేనివాళ్ళకే ఫిట్స్ వస్తాయి. రోజూ తాగే అలవాటు ఉంటే ఆపరేషన్‌కు ముందే డాక్టర్‌కు దాచకుండా చెప్పండి, ఆయన చూసుకుని మెల్లగా మాన్పిస్తారు. ఆస్పత్రిలో చేరిన రోజే కల్లు ఆగిపోతుంది కదా, డాక్టర్‌కు తెలియకపోతే అప్పుడొచ్చే ఫిట్స్‌కు కారణం ఎవరికీ అంతుబట్టదు.

నోరు సరిగా తెరుచుకోవడం లేదు. ఇదేం వ్యాయామం కాదు గానీ...

ఇది కూడా వ్యాయామమే. కణత దగ్గరి నమిలే కండరాన్ని పక్కకు జరిపి ఆపరేషన్ చేస్తారు కాబట్టి దవడ పట్టేస్తుంది. సర్జన్ సరేనన్నాక రోజుకు అయిదారు సార్లు మెల్లగా నోరు తెరిచి అయిదు సెకన్లు ఆగి మూయండి, దవడ పక్కలకు జరపండి. మొదట ఒక వేలు దూరేంత తెరుచుకున్నా వారాలు గడిచేకొద్దీ రెండు మూడు వేళ్ళు పడతాయి. జొన్నరొట్టె కొన్నాళ్ళు పప్పులో నానబెట్టి తినండి.

ఫిట్స్ ఆగాయి. అయినా మా చెల్లె ఎప్పుడూ ఏడుస్తూ కూర్చుంటుంది. ఎందుకు?

మొదటి ఏడాదిలో, ముఖ్యంగా మొదటి ఆరు నెలల్లో, దిగులు, ఆందోళన రావడం డాక్టర్లకు బాగా తెలిసిన విషయం. మెదడులో జరిగిన మార్పు ఒక కారణం. రెండోది, నిన్నటిదాకా "పాపం" అన్నవాళ్ళే ఇవాళ "బాగైంది కదా, పని చెయ్, పెళ్ళి చేసుకో" అని మీద పడటం. లెవెటిరాసెటమ్ వాడుతుంటే చిరాకు, కోపం కూడా రావొచ్చు, అది డాక్టర్‌కు చెప్తే మందు మార్చే వీలుంటుంది. చనిపోవాలని ఉంది అంటే మాత్రం ఆ రోజే సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళండి.

వ్యాయామం దిగులును తగ్గిస్తుంది, నిద్ర పట్టిస్తుంది. కానీ "లేచి వాకింగ్ పో" అని గదమాయిస్తే ఎవరూ పోరు. మీరు చెప్పులేసుకుని "దా చెల్లె, కట్ట దాకా పోయొద్దాం" అనండి. ఆడపిల్లలను బయటికి పంపడానికి జంకే ఇళ్ళల్లో డాబా మీద నడిపించొద్దు, పిట్టగోడలు తక్కువ ఎత్తుంటాయి. వాకిట్లో నడిపించండి. బతుకమ్మ రోజుల్లో తొమ్మిది సాయంత్రాలు చప్పట్లు కొడుతూ వంగుతూ లేస్తూ గుండ్రంగా తిరగడం నిజంగా మంచి వ్యాయామం, దాన్నుంచి ఆమెను పక్కకు కూర్చోబెట్టకండి. బతుకమ్మను నీళ్ళలో వదిలేటప్పుడు మాత్రం చెరువులోకి ఆమె దిగకుండా ఇంకొకరు దిగాలి.

ఉపవాసాలు, జాతరలు?

ఖాళీ కడుపుతో వ్యాయామం వద్దు. శ్రావణ శనివారాలైనా రంజాన్ రోజాలైనా గోళీ వేళ మారితే ముందే డాక్టర్‌ను అడగాలి. మన్యంకొండ, చెర్వుగట్టు మెట్లు మెల్లగా, తోడుతో, చల్లపూట ఎక్కొచ్చు. సలేశ్వరం మాత్రం మొదటి ఏడాది మానుకోండి. చైత్ర పున్నమి ఎండ, నల్లమలలో రాళ్ళ దారి, లోయలోకి దిగుడు, తొక్కిసలాడే జనం. ఏదన్నా అయితే అంబులెన్స్ దగ్గరికి మోసుకురావడానికే గంటలు పడుతుంది.

యోగా, ప్రాణాయామం?

ఆసనాలు మంచివే. శీర్షాసనం, సర్వాంగాసనం వద్దు. కపాలభాతి, భస్త్రిక లాంటి వేగంగా ఊపిరి తీసేవి వద్దు, పైన ఈఈజీ దగ్గర చెప్పిన కారణమే. మెల్లగా ఊపిరి తీసి వదిలేవి హాయిగా చేసుకోండి.

మాది మర్రిగూడ వైపు. అమ్మకు ఫ్లోరైడ్‌తో మోకాళ్ళు, నడుము వంగవు. ఆమెకు కూడా ఈ ఆపరేషన్ అయింది.

మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు పెద్దవాళ్ళలో ఇది చూస్తూనే ఉన్నాం. ఫ్లోరైడ్ ఎముక గట్టిగా కనబడుతుంది గానీ పెళుసు, పడితే విరుగుతుంది. ఉరకడం, గంతులు వద్దు. కుర్చీలో కూర్చుని లేవడం, కాళ్ళు చాపి ఎత్తడం, గోడ పట్టుకుని నిలబడటం, చదును నేల మీద చేతికర్రతో నడక. తాగడానికి, వండటానికి బోరు నీళ్ళు కాకుండా మిషన్ భగీరథ నల్లా నీళ్ళే వాడండి.

పిల్లాడికి సగం మెదడు వేరుచేసే ఆపరేషన్ చేశారు. నడుస్తాడా? ఇంకొకరికి ఛాతీలో మెషిన్ పెట్టారు.

ఆ సగం మెదడు ఆపరేషన్ (హెమిస్ఫెరాటమీ) అయిన పిల్లల్లో ఎక్కువమంది నడుస్తారు. ఒకవైపు చెయ్యి, ముఖ్యంగా వేళ్ళు బలహీనంగా ఉండిపోతాయి. వాళ్ళకు రోజూ ఫిజియోథెరపీ కావాలి, దగ్గర్లోని మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో అడగండి. ఎడమ కాలర్ ఎముక కింద వేగస్ నరం మెషిన్ (ఫిట్స్ తగ్గించడానికి మెడలోని ఆ నరానికి చిన్న కరెంటు పంపేది) ఉన్నవాళ్ళు కూడా వ్యాయామం చేయొచ్చు, అది పనిచేసే కొన్ని సెకన్లు గొంతు బొంగురుపోయి ఆయాసం అనిపించొచ్చు. ఆ చోటుకు నేరుగా దెబ్బ తగలకుండా చూసుకోవాలి.

రోజూ ఉరుకుతున్నాను, ఫిట్స్ లేవు. గోళీలు తగ్గించుకోనా?

లేదు. మీ అంతట మీరు సగం గోళీ కూడా తగ్గించకండి. పెద్దవాళ్ళలో సాధారణంగా ఏడాది రెండేళ్ళయినా మందులు కొనసాగించి, తర్వాత డాక్టర్ మెల్లగా తగ్గిస్తారు. తగ్గిస్తున్న నెలల్లో ఈత, రోడ్డు మీద సైకిల్ మళ్ళీ ఆపాలి.

కానిస్టేబుల్ ఉద్యోగానికి 1600 మీటర్లు ప్రాక్టీస్ చేస్తున్నా. ఆపరేషన్ అయిన సంగతి చెప్పాలా?

ఉరకడానికి అడ్డులేదు, డాక్టర్ ఓకే అంటే నిశ్చింతగా ప్రాక్టీస్ చేయి తమ్మీ. మెడికల్ టెస్ట్ వేరు. పోలీసు, సైన్యం ఉద్యోగాల్లో మూర్ఛ చరిత్ర అడ్డుపడొచ్చు, దాచిపెట్టి తుపాకీ పట్టే ఉద్యోగంలో చేరడం నీకూ పక్కవాళ్ళకూ మంచిది కాదు. ఏళ్ళ కష్టం దీనిమీదే పెట్టకముందే నోటిఫికేషన్‌లో మెడికల్ నియమాలు చదువు, వేరే గ్రూపులకు కూడా చదువుతూ ఉండు.

స్కూల్లో పీఈటీ సార్‌కు, గ్రౌండ్‌లో దోస్తులకు ఏం చెప్పాలి?

ఒక కాగితం మీద రాసివ్వండి. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టండి, చుట్టూ రాళ్ళు, బ్యాట్లు తీసేయండి, టైమ్ చూడండి. చేతిలో తాళాల గుత్తి పెట్టొద్దు, ఉల్లిగడ్డ, చెప్పు వాసన చూపించొద్దు, నోట్లో చెంచా గానీ నీళ్ళు గానీ వేయొద్దు, కాళ్ళు చేతులు అదిమి పట్టొద్దు. అయిదు నిమిషాలు దాటినా, ఆగి మళ్ళీ వచ్చినా, తలకు దెబ్బ తగిలినా 108కి ఫోన్ చేయండి. డాక్టర్ ముక్కులో కొట్టే మిడాజోలం స్ప్రే రాసి ఉంటే అది ఏ జేబులో ఉందో, ఎట్లా కొట్టాలో ఇద్దరికైనా చేసి చూపించండి. అదే కాగితంలో చివర్న ఇంకో వాక్యం తప్పకుండా రాయండి: "మా వాణ్ణి ఆటలో నుంచి తీసి పక్కన కూర్చోబెట్టకండి, అందరితో పాటు ఆడించండి." దాని కింద తండ్రి సంతకం, తల్లి సంతకం, ఇద్దరి ఫోన్ నంబర్లు.